చలికాలం వాన పడితే కరవు తీరినట్టేనా?

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి నెల రోజుల ముందే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించి ఉంది. 1901 తరువాత దేశంలో అంత తక్కువ వాన కురిసిన ఆగస్టు ఆ ఏటిదే. శ్రీశైలం నిండలేదు, నాగార్జున సాగర్ నిండలేదు. నవంబరు ఆఖరున సాగర్ కుడి కాలువకు నీరు వదిలే విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు డ్యాం మీద ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ తరువాత వారం కూడా తిరగకుండానే గుంటూరు, బాపట్ల, కృష్ణా జిల్లాల పొలాలు నీట మునిగాయి.

“ఇంత వాన పడ్డాక ఇంకా కరవేమిటి?” అని ఆ రోజుల్లో చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానీ మార్చి వచ్చేసరికి రబీ కరవు మండలాల జాబితా కూడా వెలువడింది. తుపాను వచ్చిన ఏడాదే, ఆ తుపాను తరువాత కూడా, రాష్ట్రంలో కరవు ఉంది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. చలికాలపు వాన ఎక్కడ పడుతుంది, పడ్డ నీరు ఎక్కడికి చేరుతుంది, ఆ సమయానికి పొలంలో ఏముంది అన్న మూడు సంగతులు విడివిడిగా చూస్తే విషయం తేటపడుతుంది.

ముందుగా కరవు సంగతి. ఆకాశం నుంచి రావలసిన వాన రాకపోతే అది వాతావరణ కరవు. పైరు వేళ్లకు అందే తేమ చాలకపోతే వ్యవసాయ కరవు. జలాశయాలు, చెరువులు, బావులు అడుగంటితే జల కరవు. మూడింటినీ మనం ఒకే పేరుతో పిలుస్తాం గాని, అవి ఒకేసారి మొదలవవు, ఒకేసారి పోవు. ఆగస్టులో వాన లేకపోతే మెట్ట పైరు రెండు మూడు వారాల్లో వాడిపోతుంది. అదే లోటు జలాశయంలో పూర్తిగా తెలిసేది మరుసటి ఏప్రిల్‌లో. చలికాలంలో పడే వాన మొదటి కరవును లెక్కల్లో తగ్గిస్తుంది, రెండోదాన్ని నిజంగానే తగ్గించగలదు, మూడోదాని జోలికి దాదాపు పోదు.

కాలువ నీరు ఏ వాన నీరు?

రాష్ట్రానికి సగటున ఏడాదికి సుమారు 960 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఇంచుమించు 60 శాతం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు తెచ్చేది. 30 శాతం దాకా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు, అల్పపీడనాలు, వాయుగుండాలు తెచ్చేది. దక్షిణానికి పోయేకొద్దీ ఈ రెండో వాటా పెరుగుతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్యానిదే. గుంటూరు, కృష్ణా ప్రాంతం మధ్యలో ఉంది కాబట్టి ఒక ఏడాది ఈశాన్యం బాగా ఇస్తుంది, మరో ఏడాది పక్కనుంచి వెళ్లిపోతుంది. వాతావరణ శాఖ శీతకాలం అని లెక్కించే జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడేది అతి స్వల్పం. రైతుకు మాత్రం స్వాతి, విశాఖ కార్తెల నుంచి సంక్రాంతి దాటేదాకా పడేదంతా ఒకే వరుస. ఇక్కడ చలికాలపు వాన అంటే ఆ మొత్తమే.

ఈ ప్రాంతంలో కాలువల్లో పారేది మన నెత్తిన కురిసిన వాన కాదు. కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. దానికి నీరిచ్చేది ప్రధానంగా పశ్చిమ కనుమల మీద నైరుతి కాలంలో కురిసే వర్షం. ఆ నీరు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, మరోవైపు తుంగభద్ర దాటుకుని శ్రీశైలానికి, సాగర్‌కు, పులిచింతలకు, చివరకు ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. డిసెంబరులో బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండం ఒంగోలును తడపవచ్చు, తెనాలిని తడపవచ్చు. మహాబలేశ్వర్ కొండలను తడపడం దానివల్ల కాదు. ఉత్తర భారతంలో చలికాలం కురిసే మంచు కొండల మీద పేరుకుని, వేసవిలో కరిగి నదుల్లోకి దిగుతుంది. అక్కడ చలికాలపు వర్షపాతం రాబోయే వేసవికి దాచిపెట్టిన నీరు. కృష్ణకు అలాంటి ఆస్తి లేదు. సెప్టెంబరు, అక్టోబరు నాటికి సాగర్‌లో ఎంత చేరిందో వేసవి దాకా దానితోనే గడపాలి.

లెక్క వేసి చూద్దాం. కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. దానంతటి మీద ఒక తుపాను వల్ల 50 మిల్లీమీటర్లు సమానంగా కురిసిందనుకుంటే, ఆ నీరు సుమారు 9 టీఎంసీలు. నాగార్జున సాగర్ నిండు నిల్వ 312 టీఎంసీలు. పైగా ఆ తొమ్మిదీ డ్యాంలో పడవు, పొలాల్లో పడతాయి. పొలం తాగగా మిగిలింది మురుగు కాలువ పట్టి సముద్రానికి పోతుంది. పులిచింతలకు, బ్యారేజీకి మధ్య మునేరు, పాలేరు, వైరా వాగుల నీరు కృష్ణలో కలుస్తుంది. ఖమ్మం వైపు ఆలస్యంగా గట్టి వాన పడితే ఆ వాగులు పొంగి విజయవాడకు నీరు తెస్తాయి. కానీ ప్రకాశం బ్యారేజీ నిలుపుకోగలిగేది సుమారు 3 టీఎంసీలు. మిగిలిన దానికి గేట్లు ఎత్తవలసిందే. కరవు మండలాల జాబితా చేతిలో పట్టుకుని నీటిని సముద్రంలోకి వదలవలసి రావడం ఈ డెల్టాకు ఉన్న పెద్ద బాధల్లో ఒకటి. బ్యారేజీకి ఎగువన వైకుంఠపురం దగ్గర మరో బ్యారేజీ కట్టాలన్న ప్రతిపాదన వెనుక ఉన్న కారణాల్లో ఇదీ ఉంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 2009లో దేశమంతా నైరుతి వర్షం సుమారు 22 శాతం తగ్గింది. అక్టోబరు మొదటి వారంలో ఒక్క వాయుగుండం కర్నూలును ముంచి, శ్రీశైలానికి కనీవినీ ఎరుగని వరద తెచ్చి, విజయవాడ దగ్గర సుమారు 11 లక్షల క్యూసెక్కులు పారించింది. అలాంటి వాన ఎగువ పరీవాహకం మీదనే పడింది కాబట్టి అది జల కరవును కూడా మార్చగలిగింది. అయితే అది అక్టోబరు ఆరంభం. నవంబరు దాటాక అంత లోపలికి చొచ్చుకుపోయి అంత నీరు కురిపించే వాయుగుండాలు అరుదు. ఆ ఆశ మీద కాలువల నీటి ప్రణాళిక వేయలేం.

నేల దాచుకునేది

మరి ఈ వాన వృథాయేనా? కానే కాదు. దాని విలువ జలాశయంలో కాక నేలలో ఉంటుంది. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు. మే నెలలో ఈ లక్ష లీటర్లు మూడు నాలుగు రోజుల ఎండకే ఆవిరైపోతాయి. డిసెంబరు, జనవరిలో ఎండ మెత్తన, రాత్రులు చల్లన. నేల, పైరు కలిసి రోజుకు వదిలే తేమ మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. అదే వాన ఇప్పుడు వారం పైగా పనికొస్తుంది. మిల్లీమీటరుకు మిల్లీమీటరు పోలిస్తే, పైరుకు చలికాలపు వాన వేసవి వాన కంటే చాలా విలువైనది.

గుంటూరు, పల్నాడు నల్లరేగడి నీటిని దాచే గాదె లాంటిది. మీటరు లోతు నేలలో పైరు తీసుకోగల తేమ 150 మిల్లీమీటర్లకు తక్కువ ఉండదు, చాలాచోట్ల ఇంకా ఎక్కువే. అక్టోబరులో ఒక్కసారి బాగా పదునైతే ఆ తేమ మీదే శనగ పంట చేతికొస్తుంది. ప్రకాశం, పల్నాడు, కర్నూలు ప్రాంతాల్లో శనగ విస్తరించడానికి జేజీ 11 లాంటి స్వల్పకాలిక రకాలు ఒక ముఖ్య కారణం. మూడు నెలలు దాటగానే కోతకొచ్చే రకం కాబట్టి, నేలలో తేమ అయిపోయేలోపు గింజ కడుతుంది. విత్తాక నలభై రోజులకు ఒక్క పదును వాన దొరికితే దిగుబడి కళ్లెదుటే పెరుగుతుంది.

డెల్టాలో మినుము కథ ఇంకా విచిత్రం. సార్వా (ఖరీఫ్) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న పైరులోనే మినుములు చల్లుతారు. దుక్కి లేదు, తడి లేదు. వరి వదిలిన తేమ, రాత్రి పడే మంచు, ఒకటో అరో చలికాలపు వాన, అంతే. గుంటూరు పక్కన లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌బీజీ రకాలు ఈ పద్ధతికి ప్రాణం పోశాయి. ఇలాంటి పొలంలో జనవరి మొదట్లో పడే 20 మిల్లీమీటర్లు ఎకరానికి ఎన్ని గింజలు చేరుస్తాయో, ఆ వాన రాని ఏడాది రైతును అడిగితే తెలుస్తుంది. నీళ్లులేని ఏడాది దాళ్వా (రబీ) వరికి కాలువ మూసేశాక డెల్టాను కాస్తో కూస్తో ఆదుకునేది ఈ అపరాలే.

ఆలస్యం చేసే కీడు

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. కరవుకూ చలికాలపు వానకూ మధ్య ఉన్నది ఒకటి వస్తే మరొకటి పోయే సంబంధం కాదు. కరవు తన వెనుక వచ్చే వానను ప్రమాదకరంగా మార్చి పెడుతుంది.

అదెలాగంటే, సాగర్‌లో నీరు లేని ఏడాది డెల్టా కాలువలకు నీరు ఆలస్యంగా వస్తుంది. జూన్‌లో పోయవలసిన నారుమళ్లు జులైలోనో ఆ తరువాతో పోస్తారు. నాట్లు ఆగస్టు దాటుతాయి. నవంబరు మధ్యలో ముగియవలసిన కోత డిసెంబరులోకి జరుగుతుంది. ఈశాన్య కాలపు తుపానులు కోస్తాను తాకే రోజులు సరిగ్గా అవే. మంచి ఏడాదిలో ఖాళీ పొలం మీద పడి మినుముకు మేలు చేసి వెళ్లిపోయే వాన, కరవు ఏడాదిలో కోసి పరచిన పనల మీద పడుతుంది. ధాన్యం రంగు మారుతుంది, పనల్లోనే మొలక వస్తుంది. వెనకే వేయవలసిన మినుము ఇంకా ఆలస్యమవుతుంది. ఆలస్యమైన మినుము ఫిబ్రవరి ఎండకు చిక్కుతుంది. ఆగస్టులో రాని నీరు డిసెంబరులో ఒక పంటను, మార్చిలో మరో పంటను దెబ్బతీస్తుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీటిని కృష్ణకు మళ్లించడం మొదలుపెట్టినప్పుడు చెప్పిన ప్రయోజనాల్లో, ముందుగా నాట్లు వేసి తుపానులకు ముందే కోసుకోవడం ఒకటి. ఆ ఎత్తిపోతల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ ఒక్క వాదనలో మాత్రం పూర్తి బలం ఉందని నేను నమ్ముతాను.

మిర్చి సంగతి చెప్పకుండా గుంటూరు గురించి రాయడం కుదరదు. నవంబరులో పడ్డ మితమైన వాన మిర్చి తోటకు అమృతం. జనవరి తరువాత కల్లంలో ఎండబోసిన కాయ మీద పడితే అదే వాన కాయను తెల్లబరుస్తుంది, తాలు చేస్తుంది. యార్డులో తాలుకు పలికే ధర వేరు. విజయవాడకు ఈశాన్యాన నూజివీడు మామిడి తోటలకు పూత ముందు పొడి రోజులు కావాలి. వాన వెనకబడితే పూత వెనకబడుతుంది, పూత మీద పడితే రాలిపోతుంది. యాభై కిలోమీటర్ల పరిధిలో ఒకే రోజు కురిసిన వాన ఒక రైతుకు కరవు తీర్చి, మరొకరికి కరవు మిగిల్చిన అప్పు మీద ఇంకో అప్పు తెచ్చిపెడుతుంది.

డెల్టా బరువు నేలల్లో ఇంకో ఇబ్బంది, నీరు దిగకపోవడం. బాపట్ల వైపు నల్లమడ లాంటి మురుగు కాలువలు పూడి ఉంటే 60 మిల్లీమీటర్ల వాన కూడా వారం నిలుస్తుంది. మినుము మూడు రోజులు నీటిలో ఉంటే వేరు కుళ్లుతుంది. అందుకే డెల్టాలో కరవు నివారణ పనుల జాబితాలో మురుగు కాలువల పూడికతీత ఉండాలంటాను. చలికాలపు వాన మేలుగా మారాలన్నా కీడుగా మారాలన్నా తేల్చేది చాలావరకు ఆ కాలువలే.

శాతాలు చూసి మోసపోవద్దు

వర్షపాతం సాధారణం కంటే 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ దాన్ని సాధారణం అంటుంది. 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 శాతం, ఆపైన తగ్గితే తీవ్ర లోటు. పెరిగినప్పుడూ అవే మెట్లు. ఈ కొలత జులైకి బాగా పనిచేస్తుంది. జనవరికి పెడితే అర్థమే మారిపోతుంది.

ఒక ఊరు ఊహించుకోండి. నైరుతి కాలంలో అక్కడ 500 మిల్లీమీటర్లు పడాలి, 350 పడింది. 150 లోటు, అంటే 30 శాతం. జనవరి, ఫిబ్రవరిలో అక్కడ పడవలసింది 10 మిల్లీమీటర్లు, పడింది 30. పట్టికలో అది సాధారణం కంటే 200 శాతం అధికం! పత్రికలో శీర్షిక కూడా అలాగే వస్తుంది. నిజానికి ఆ ఊరి లోటులో తీరింది ఐదో వంతుకు మించి లేదు. శాతం చిన్న సంఖ్య మీద నిలబడినప్పుడు పెద్దగా కనిపిస్తుంది. శీతకాలపు వర్షాన్ని మిల్లీమీటర్లలోనే చదవాలి. దాన్ని జూన్ నుంచి పేరుకున్న లోటు పక్కన పెట్టి చూడాలి.

ఎల్‌నినో గురించి కూడా ఒక మాట. పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాలు వేడెక్కే ఎల్‌నినో ఏడాదుల్లో నైరుతి బలహీనపడే అవకాశం ఎక్కువని అందరికీ తెలుసు. అవే ఏడాదుల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణ కోస్తాకూ తమిళనాడుకూ వాన పెరిగే మొగ్గు ఉంటుందన్నది అంతగా ప్రచారంలో లేదు. 2015లో అదే జరిగింది. నైరుతి కాలంలో దేశానికి 14 శాతం లోటు, కృష్ణలో నీరు లేదు. నవంబరులో నెల్లూరు మునిగింది, డిసెంబరు మొదట్లో చెన్నై మునిగింది. కృష్ణా డెల్టా రైతు మాత్రం ఆ రెండింటి మధ్య మిగిలాడు. ఎగువ వానా అందలేదు, దక్షిణపు వానా పూర్తిగా చేరలేదు. ఎల్‌నినో ఏడాది నైరుతి లోటును ఈశాన్యం పూడుస్తుందని ఎవరైనా ధీమాగా చెబితే, నెల్లూరుకు దాదాపు సరిపడే మాటను గుంటూరుకు అంటగడుతున్నారని అర్థం. 2016లోనైతే ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిలో దారుణంగా విఫలమయ్యాయి.

బావులు, దొరువులు

భూగర్భ జలం సాధారణంగా నవంబరు ప్రాంతంలో పైకొస్తుంది, మే నెలలో అడుగుకు పోతుంది. మైలవరం, తిరువూరు వైపు ఎర్ర నేలల్లో రెండు మూడు రోజుల ముసురు నిదానంగా ఇంకి బావులకు చేరుతుంది. అదే నీరు ఒక్క రాత్రిలో కుండపోతగా పడితే వాగుల పాలవుతుంది. పల్నాడు రాతి నేలల్లో ఇంకేది ఇంకా తక్కువ. చలికాలపు వాన బోర్లకు పరోక్షంగానూ మేలు చేస్తుంది. పైరు తడిసిన వారం పది రోజులు మోటారు ఆగుతుంది. ఆ మిగులు ఏప్రిల్‌లో తాగునీటికి కలిసొస్తుంది.

బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద తేలే పలుచని మంచినీటి పొర ఉంటుంది. ఇసుకలో లోతు తక్కువ గుంటలు తవ్వి ఆ పొరను వాడుకునే దొరువులు అక్కడి రైతుల పాత విద్య. ఆ పొరను తిరిగి నింపేది వాన ఒక్కటే. కాలువ అక్కడికి చేరదు. ఈశాన్యం విఫలమైన ఏడాది దొరువులో ఊరే నీరు ఉప్పెక్కుతుంది. ఈ మొత్తం ప్రాంతంలో చలికాలపు వాన నేరుగా జల కరవును తీర్చగల చోటు ఏదైనా ఉందంటే అది ఈ తీరపు ఇసుకే.

కాగితం మీద కరవు

2016లో సవరించిన కేంద్ర కరవు మార్గదర్శకాల ప్రకారం ముందు వాన లోటు, వరుస వారాల పొడి వాతావరణం చూడాలి. ఆ తరువాత సాగైన విస్తీర్ణం, ఉపగ్రహాలు చూపే పచ్చదనం, నేల తేమ, జలాశయాల నిల్వ, భూగర్భ జలం పరిశీలించాలి. ఖరీఫ్ కరవును అక్టోబరు ఆఖరులోపు, రబీ కరవును మార్చి ఆఖరులోపు ప్రకటించాలి. పద్ధతి మంచిదే. కానీ డిసెంబరులో తుపాను వచ్చినప్పుడు పొలంలో ఉన్నది ఖరీఫ్ వరి, పడుతున్నది రబీ లెక్కలోకి వెళ్లే వాన. నష్టం తుపాను ఖాతాలోకి మారిపోతుంది. అక్కడ పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీకి అర్హత. నీళ్లు లేక పావు వంతు దిగుబడి ముందే కోల్పోయి, మిగిలిన దానిలో మరో పావు వంతు తుపానుకు పోగొట్టుకున్న రైతు, రెండు ఖాతాల్లో దేనికీ చెందకుండా పోయే ప్రమాదం ఉంది. నీటి ఆలస్యాన్ని, తుపాను నష్టాన్ని ఒకే పంట చరిత్రగా మండలాల వారీగా నమోదు చేయాలి. నాటు వేసిన తేదీ ఒక్కటి ఆ నమోదులో చేర్చినా చాలు, ఏ నష్టం ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది.

వచ్చే చలికాలంలో వాయుగుండం వార్త విన్నప్పుడు చూడవలసినవి: సాగర్ నీటిమట్టం 590 అడుగుల నిండు మట్టానికి ఎంత దూరంలో ఉంది, కాలువలకు కనీస మట్టమైన 510 అడుగులకు ఎంత దగ్గరలో ఉంది, జూన్ నుంచి మీ మండలంలో పడ్డ వాన ఎన్ని మిల్లీమీటర్లు, డెల్టాలో వరి కోతలు ఎంత మేరకు అయ్యాయి. నాలుగు రోజుల ముందు తుపాను హెచ్చరిక అందితే, కోత యంత్రం దొరికే ఊళ్లలో ధాన్యం గట్టెక్కించవచ్చు. కోతకు రాని పైరున్న ఊళ్లలో మురుగు బోదెలు తెరిచి ఉంచవచ్చు. మినుము విత్తనం మళ్లీ చల్లవలసి వస్తుందేమోనని ముందే కొంత సిద్ధం చేసుకోవచ్చు.